రెండు వేళ్ళ ఎడం

ఆ ఏడాది యూనివర్సిటీలో గోడలకి ఊపిరాడలేదు. ఎమర్జెన్సీ పోయి, మూతపడ్డ నోళ్ళన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పొద్దున సున్నం కొట్టిన గోడ మీద మధ్యాహ్నానికో నినాదం, సాయంత్రానికి దాన్ని కొట్టేస్తూ ఇంకో నినాదం. కాంటీన్‌లో టీలు చల్లారిపోయేదాకా ఒకటే వాదన, కళ కళ కోసమా, ప్రజల కోసమా అని. టీ పోసే మనిషి మాత్రం ఎవరి కోసమైనా సరే, గ్లాసులు త్వరగా ఖాళీ చెయ్యండి బాబూ అనేవాడు.

ఆ గోలలో అందరికన్నా పెద్ద గొంతు రామతులసిది. ఉయ్యూరు వైపు రైతుల పిల్ల, ఎకనామిక్స్ ఎమ్మే చదువుతోంది, గోడపత్రిక నడిపేది ఆమే. ఆ పత్రికకి బొమ్మలు వేసేవాడు మరియదాసు, చల్లపల్లిలో వడ్రంగం చేసే లాజరు కొడుకు. ఆమె ఎంత మాటకారో ఇతను అంత నోట్లో నాలుక లేనివాడు. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. అలాంటివాడు ఒకరోజు నోరు విప్పాడు. విప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

దివిసీమని ఉప్పెన ముంచి ఏడాది కావస్తోంది. సరిగ్గా ఏడాది నిండే రోజున యూనివర్సిటీలో ప్రదర్శన పెట్టాలని బృందమంతా అనుకున్నారు. ఏం పెట్టాలన్న దగ్గరే బండి ఆగింది.

"ఫొటోలు మాత్రం వద్దు," అంది తులసి. "ఏడాది నుంచీ ఏ పేపరు చూసినా అవే. జనం శవాల్ని చూస్తారు, పేజీ తిప్పుతారు, ఇడ్లీ తింటారు. సర్కారు వాళ్ళ దగ్గర అంకెలున్నాయి, మన దగ్గర ఫొటోలున్నాయి. పోయినవాళ్ళు మనుషులని ఎట్లా చెప్పాలి? అది చెప్పండి ఎవరైనా."

అప్పుడు మరియదాసు గొంతు సవరించుకున్నాడు.

"మా నాన్న శవపెట్టెలు చేస్తాడు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మా వాళ్ళలో ఎవరైనా పోతే ముందు తెల్ల నూలుదారం పట్టుకెళ్ళి నడినెత్తి నుంచి మడమ దాకా కొలత తీస్తాడు. టేపు పెట్టడు. ఆ దారాన్నిబట్టి పెట్టె చేసి, మూత బిగించేముందు దారాన్ని కూడా పక్కన పడుకోబెడతాడు. కొలత కొలిచినవాళ్ళతోనే పోవాలంటాడు. పోయినేడు అంతమందికి పెట్టెలెక్కడివి? గోతుల్లోకి నెట్టేశాం. ఒక్కరికీ దారం తియ్యలేదు."

నెట్టేశాం అన్నాడంటే ఊరికే అనలేదు. నీళ్ళు తీశాక సహాయానికి వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ముక్కుకి కిరసనాయిలు గుడ్డ కట్టుకుని పొలాల్లోంచి శవాల్ని ఈడ్చాడు. ఆ వాసన ఇప్పటికీ కంచం ముందు కూర్చున్నప్పుడు అకస్మాత్తుగా వచ్చి పోతుంది. చేపల కూరంటే ప్రాణం పెట్టేవాడు, ముట్టడం మానేశాడు.

తులసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తీద్దాం. ఇప్పుడు తీద్దాం. వాళ్ళ వాళ్ళని అడిగి ఒక్కొక్కరికి ఒక దారం. హాలంతా నిలువుగా వేలాడదీద్దాం. చూడ్డానికొచ్చినవాడు శవాన్ని చూడడు. మనిషంత ఖాళీని చూస్తాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. మరియదాసుకి చెవులు ఎర్రబడ్డాయి. బతుకులో మొదటిసారి తన మాటకి చప్పట్లు పడ్డాయి మరి.

*

దసరా సెలవుల్లో అరువు తెచ్చిన టేపు రికార్డరు, నూలుండలు పట్టుకుని తులసి, మరియదాసు దివిసీమకి బయల్దేరారు. చల్లపల్లిలో బస్సు ఆగితే మరియదాసు చెల్లెలు అమల ఎక్కేసింది. తల్లి లేని పిల్ల. విజయవాడలో సిస్టర్ల బోర్డింగులో ఉండి ఏడో తరగతి చదువుతోంది, సెలవులకి ఇంటికొచ్చింది. అన్న ఉన్నాడంటే ఇక దానికి లోకమంతా వాడే. నూలుండలు నేను పట్టుకుంటానంటూ ఆరిందాలా ముందు సీట్లో కూర్చుంది.

అమలకి ఉన్న దిగులల్లా ఒక్కటే. పొట్టి. క్లాసులో అందరికన్నా ముందు వరస దానిదే. పొడుగవ్వాలని ఇంట్లో గుమ్మం పైచెక్క పట్టుకుని గబ్బిలంలా వేలాడేది. సెలవులకి వచ్చినప్పుడల్లా లాజరు దాన్ని ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, చెవి మీది వడ్రంగి పెన్సిలు తీసి నెత్తి ఎత్తున చెక్క మీద గీత గీసేవాడు. "ఎదిగావే తల్లీ, గుడి గంటకి అందేటట్టున్నావు," అని ఉడికించేవాడు. ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి నిచ్చెనమెట్లలా ఉండేవి.

సముద్రం ఒడ్డు పల్లెలో పని అనుకున్నంత సులువుగా సాగలేదు. ఎత్తు ఎంతని అడిగితే అడుగులూ అంగుళాలూ ఎవరు చెప్తారు? ఒకామె తన భుజం మీద చెయ్యి పెట్టుకుంది, ఇక్కడికొచ్చాడు నా పెద్దోడని. ఒక ముసలాయన అరచెయ్యి గాల్లో బోర్లించి, చాలాసేపు అలాగే ఉంచేశాడు, దాని కింద ఇంకా మనవడు నిలబడి ఉన్నట్టు. మరియదాసు ఆ చేతి నుంచి నేల దాకా దారం లాగి తెంపేవాడు. దారం తిన్నగా వేలాడ్డానికి ఆ వాకిట్లో మన్నే తడిపి ఉండ చేసి చివర కట్టేవాడు. తులసి వాళ్ళ మాటలు టేపులోకి ఎక్కించేది. అంతటి మాటకారి ఆ రోజు పెద్దగా మాట్లాడలేదు.

చివరి ఇల్లు ఆదెమ్మది. ఆమె కూతురు తెరేస, అదీ ఏడో తరగతే. ఆదెమ్మ చెయ్యి చాపింది. పైకెత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది.

"ఇంతుండేదా... కాదు కాదు, ఇంత... ఇంకాస్త..." చెయ్యి ఒళ్ళో పడేసుకుంది. "మర్చిపోయానయ్యా. కన్నబిడ్డ ఎత్తు మర్చిపోయాను. నేనేం తల్లినయ్యా!"

తులసి టేపు ఆపేసింది. అంతలో ఆదెమ్మ చూపు నూలుండ పట్టుకుని నిలబడ్డ అమల మీద పడింది.

"ఇట్రా తల్లీ," అంది. అమల వెళ్ళింది. ఆదెమ్మ దాని నెత్తి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ముఖంలో ముడతలన్నీ మెల్లగా విడిపోయాయి. "ఇదే. ఇంతే ఉండేది. ఈ పిల్ల మీద తియ్యండయ్యా, మీకు పుణ్యముంటుంది."

మరియదాసు చెయ్యి ఆగింది. చిన్నప్పుడు ఒకసారి కొలతదారం సరదాకి మెడలో వేసుకుంటే నాన్న వీపు విమానం మోత మోగించాడు. బతికున్న ఒంటికి ఆ దారం తగలకూడదు. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ ఎదురుగా ఆదెమ్మ ముఖం. ఆ ముఖం చూసి లేదమ్మా, కుదరదు అని ఎవరనగలరు? నూలుపోగే కదా అనుకున్నాడు. అమల నడినెత్తిన వేలు పెట్టి నేల దాకా లాగి తెంపాడు.

తెంపాక అమల కిసుక్కున నవ్వి మడమలు నేలకి దించింది.

"మునివేళ్ళ మీద నిలబడ్డావుటే?"

"లేదన్నయ్యా!"

దారం దానికన్నా రెండు వేళ్ళు ఎక్కువొచ్చింది. పొడుగనిపించుకోవాలని దాని తాపత్రయం. మళ్ళీ తీద్దామనుకున్నాడు. అప్పటికే ఆదెమ్మ దారాన్ని చెంపకి ఆనించుకుని కూర్చుంది. ఆమె చేతిలోంచి లాక్కోవడానికి మనసొప్పలేదు.

"మీ పనైపోయాక తెచ్చి గోతి దగ్గర మట్టిలో పెట్టండయ్యా," అంది ఆమె వాళ్ళు బయల్దేరుతుంటే. "మర్చిపోకండి. నాలాగా."

*

ప్రదర్శన క్యాంపస్ చివరనున్న రేకుల షెడ్డులో. మామూలు రోజుల్లో పరీక్షల బల్లలు పడేసే చోటది. గోడల మీద స్లయిడ్లు వెయ్యాలని కిటికీలన్నిటికీ నల్లకాగితం అంటించారు. పైన ఇనుపకమ్మీల నుంచి కంటికానని సన్నటి నైలాన్ తీగలు దించి, మనిషి నెత్తి ఎత్తు నుంచి నేల దాకా తెల్లదారం కట్టారు. మసక వెలుతురులో చూస్తే ఆ తెల్లదారాలు ఏ ఆధారం లేకుండా వాటంతటవే నిలబడ్డట్టుండేవి. కొన్ని పొడుగ్గా, కొన్ని నడుము దాకా, కొన్ని మోకాలి దాకా. మనుషులు మధ్యలోంచి నడుస్తుంటే గాలికి కాస్త పక్కకి ఒదిగి దారిచ్చేవి.

టేపులోంచి పల్లె గొంతులు మెల్లగా వినబడుతుండేవి. జోకులేసుకుంటూ లోపలికెళ్ళినవాళ్ళు గొంతు తగ్గించుకుని బయటికొచ్చారు. ఆఫీసు గుమాస్తా ఒకాయన గడప దాటాక చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. తులసి కళ్ళు మెరిసిపోతున్నాయి. దీన్ని హైదరాబాదు తీసుకెళ్దాం, మెడ్రాసు తీసుకెళ్దాం అంటోంది.

మధ్యాహ్నం సభ ఉందని జనమంతా అటు కదిలారు. బయట సన్నగా తుంపర. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పింది. షెడ్డులో కాపలాకి మరియదాసు ఉండిపోయాడు. ఆదివారం కదా, పక్కనే ఉన్న విజయవాడ బోర్డింగులో అడిగి అమలని తీసుకొచ్చాడు. అది దారాల మధ్య తిరుగుతూ, "నా దారమేది అన్నయ్యా?" అంటోంది.

"నీది కాదే. తెరేసది. ఆ మూలన."

"నా మీదే తీశావుగా!"

అప్పుడే కరెంటు పోయింది.

అదేం వింత కాదు, చినుకు పడితే పోయే కరెంటే. టేపు మూలిగి ఆగిపోయింది. నల్లకాగితాల వల్ల పట్టపగలే చిమ్మచీకటి. రేకుల మీద తుంపర చప్పుడు తప్ప ఏమీ లేదు. మరియదాసు తలుపు వైపు నడుద్దామని అడుగు వేశాడు.

అప్పుడు వినబడింది, ఆ తుంపర కింద ఇంకో చప్పుడు.

సర్... సర్...

గచ్చు మీద ఏదో ఈడుస్తున్నట్టు. ఒక చోట కాదు. అన్ని చోట్లా. మరియదాసుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. దారాల చివరలున్న మట్టి ఉండలు... అవి నేల మీద మెల్లగా తిరుగుతున్నాయి. గాలి లేదు. తలుపు మూసే ఉంది.

"అమలా?"

పలకలేదు.

వాసన వచ్చింది. ముందు ఉప్పు వాసన. తర్వాత మురిగిన వరిగడ్డి. ఆ రెంటి కింద ఇంకొకటి, కంచం ముందు వచ్చి పోయేది. ఈసారి వచ్చింది... పోలేదు.

"అమలా! ఎక్కడున్నావే?"

చేతులు చాపి నడిచాడు. దారం ఒకటి భుజానికి తగిలింది. తడిగా ఉంది. ఇంకొకటి రొమ్ముకి. ఇంకొకటి నడుము దగ్గర, చిన్నపిల్లాడు వచ్చి ఆనుకున్నట్టు. పొద్దున ఒదిగి దారిచ్చిన దారాలు ఇప్పుడు ఒదగలేదు. పక్కకి తోస్తే బరువుగా కదిలి, మళ్ళీ వచ్చి ఆనుకున్నాయి. తిరునాళ్ళ గుంపులో ఇరుక్కున్నట్టయింది అతనికి. అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీస్తే చెమ్మకి మందు ఊడి వచ్చింది. ఇంకో పుల్ల... అదీ అంతే.

మూల వైపు నుంచి సన్నగా గొంతు వినబడింది. అమలదే. గుసగుసగా.

"అన్నయ్యా... ఇక్కడ..."

ఎలా చేరాడో అతనికే తెలియదు. చేతికి ముందు దాని నుదురు తగిలింది. గోడకి ఆనుకున్నట్టు నిటారుగా నిలబడి ఉంది. కానీ వెనక గోడ లేదు. దారముంది. దాని మెడ నరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. కిందికి తడిమాడు. మడమలు నేల మీద లేవు.

"దిగవే. కిందికి దిగు."

"దిగలేనన్నయ్యా... జడ పట్టుకుంది..."

"ఎవరు?"

"పైకి లాగుతోంది... ఇంకొంచెం అంటోంది..."

మరియదాసు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా దాని రెండు భుజాల మీద చేతులు వేసి బలమంతా పెట్టి కిందికి నొక్కాడు. ఏడో తరగతి పిల్ల, పిట్టంత ఉంటుంది. కదల్లేదు. శవాల్ని ఈడ్చిన చేతులవి, ఒక్క చిన్నపిల్లని నేలకి దించలేకపోయాయి. దేవుడి పేరు చెప్పి ఏడ్చాడు. వదిలెయ్యి తల్లీ, దీన్ని వదిలెయ్యి అని తెరేసని బతిమాలాడు. చీకట్లో అతని చెవి పక్కనే, అమల నోరున్న వైపు కాదు... ఇంకో వైపు నుంచి...

"ఇంకొంచెం..."

భళ్ళున తలుపు తెరుచుకుంది. వెలుతురు పడింది. అమల ఒక్కసారిగా అతని చేతుల్లోకి కూలిపోయింది.

"ఏంటి చీకట్లో కూర్చున్నారు? అక్కడ సభ..." అంటూ వచ్చిన తులసి మాట మధ్యలో ఆపేసింది. ఆమె నేలవంక చూస్తోంది.

గచ్చంతా తడి పాదాలు. ప్రతి దారం కిందా ఒక జత. పెద్దవి, చిన్నవి, పాకే వయసు పిల్లలవి. అన్నీ ఆ మూల వైపే తిరిగి ఉన్నాయి, అందరూ నిలబడి చూసినట్టు. మూలనున్న తెరేస దారం కింద మాత్రం పూర్తి పాదాలు లేవు. పది వేళ్ళ గుర్తులు మాత్రమే ఉన్నాయి. అమల చెప్పులు పొడిగా ఉన్నాయి.

"రేకులు కారుతున్నట్టున్నాయి," అంది తులసి. తనకి తానే చెప్పుకున్నట్టుంది ఆ గొంతు. వంగి వేలితో తడి అద్ది నాలిక మీద పెట్టుకుంది. ఆ తర్వాత హైదరాబాదు మాట గానీ, మెడ్రాసు మాట గానీ ఆమె మళ్ళీ ఎత్తలేదు.

*

మర్నాడే మరియదాసు దారాలన్నీ విప్పి మూటగట్టి అమలతో సహా చల్లపల్లి చేరాడు. జరిగింది విని లాజరు కొడుకుని కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు మరియదాసు. తెరేస దారం అడిగి తీసుకుని ద్వారబంధానికి నిలువుగా ఆనించి చూశాడు. అమలకి చివర గీసిన గీత కన్నా రెండు వేళ్ళు పైకుంది. తీసేశాక చెక్క మీద దారం పైకొస తగిలిన చోట అడ్డంగా ఒక తడి చార మిగిలింది.

"నాకు మాత్రం ఏం తెలుసురా," అన్నాడు లాజరు. "మా నాన్న చేసేది నేను చేశాను. ఎందుకని అడగలేదు. కొలత తీస్తే పెట్టె చెయ్యాలి. ఆ పెట్టెలోకి ఆ కొలత సరిపోయే మనిషే వెళ్ళాలి. అంతే చెప్పాడు." అమల వినకుండా గొంతు తగ్గించాడు. "నా బిడ్డ మీద తీశారు కొలత. ఇంకా నయం, దొంగబుద్ధి పుట్టి మునివేళ్ళ మీద నిలబడింది. ఆ రెండు వేళ్ళే మనకున్న ఎడం."

"మట్టిలో పెట్టేస్తే పోదా నాన్నా?"

"పోవాలనే ప్రార్థన చేద్దాం."

పల్లెకెళ్ళి గోతి మీద తవ్వి దారాలన్నీ పడుకోబెట్టారు. పల్లె చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి జపం చెప్పాడు. తెరేస దారాన్ని ఆదెమ్మే తన చేత్తో పెట్టి మన్ను కప్పింది. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. పాపం ఆమెకేం తెలుసు, ఎవరూ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యమంటారు?

ఇంటికొచ్చేసరికి ద్వారబంధం మీది చార ఆరింది. ఆరి, తెల్లగా ఉప్పు తేలింది. లాజరు తుడిచాడు. మళ్ళీ తేలింది. చిత్రిక పట్టి చెక్క పొర లేపేశాడు. కింద కొత్త చెక్క మీద, అదే ఎత్తులో, తెల్లటి గీత. ఇంకా లోతుకి పట్టాడు. చెక్క సగమైంది గానీ గీత పోలేదు. చేతకాక చిత్రిక పక్కన పడేసి, గుమ్మంలో కూలబడి, పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

క్రిస్మస్‌కి అమల ఇంటికొచ్చింది. పోయినేటి గౌను పొట్టిదైపోయింది. ఎన్నేళ్ళ నుంచో గోరంత గోరంతగా ఎదిగిన పిల్ల అప్పుడే గబగబా ఎదగడం మొదలుపెట్టింది! లాజరు పెన్సిలు తియ్యలేదు, ఎక్కడో పడిపోయిందన్నాడు. కానీ అమల గుమ్మంలో నిలబడి అన్నతో మాట్లాడుతుంటే మరియదాసు కంటితోనే కొలుచుకున్నాడు. నెత్తికీ ఉప్పుగీతకీ మధ్య ఒక్క వేలు పడుతుంది.

పిల్లని ఎదగొద్దని ఎవరు చెప్పగలరు? చెప్తే మాత్రం ఎదగడం ఆగుతుందా? గుమ్మం పట్టుకుని వేలాడితే కేకలేశారు. లాజరు ఒకరోజు దాని కంచంలో గుడ్డు పెట్టలేదు. పాలు లేవన్నాడు. అన్నం తక్కువ వడ్డించాడు. అది అడగకుండా లేచి చెయ్యి కడుక్కుని పడుకుంది. మర్నాడు ఆయనే ముద్దలు కలిపి తినిపించాడు, కళ్ళ నీళ్ళు ఆ ముద్దల్లోనే పడుతుంటే.

ఇల్లు మారదామన్నాడు మరియదాసు. "గీత ఇంట్లో ఉందనుకుంటున్నావా?" అన్నాడు లాజరు.

*

ఎండాకాలం సెలవులు. ఆకు కదలని ఉక్క. బంగాళాఖాతంలో మళ్ళీ తుఫాను పుట్టిందని పొద్దుటి నుంచీ రేడియోలో చెప్తున్నారు. లాజరు వాకిట్లో బల్లకి కాళ్ళు బిగిస్తున్నాడు. మరియదాసు లోపల రేడియో ముందు కూర్చున్నాడు. అప్పటిదాకా మంచమ్మీద పడుకుని చదువుకుంటున్న అమల లేచి గుమ్మం దగ్గరికెళ్ళింది.

"అన్నయ్యా! ఇలా చూడు!"

తలెత్తి చూశాడు. సగానికి అరిగిన ద్వారబంధానికి వీపు ఆనించి నిటారుగా నిలబడి ఉంది. చేతిలో వడ్రంగి పెన్సిలు. ఎక్కడ దొరికిందో దానికి!

"గీత గియ్యి. నాన్న గియ్యట్లేదు. నేను పొడుగయ్యాను, క్లాసులో రెండో వరసకి మార్చారు తెలుసా?"

"వద్దులేవే. ఇటొచ్చెయ్యి."

"ఒక్కసారి. ఈసారి దొంగాట కూడా ఆడట్లేదు. చూస్కో, మడమలు కిందే ఉన్నాయి."

నిజమే. మడమలు గచ్చుకి ఆని ఉన్నాయి. మరియదాసు దగ్గరికెళ్ళాడు. వేలు దాని నడినెత్తికీ తెల్లగీతకీ మధ్య పెట్టబోయాడు. పట్టలేదు. గోరు పెట్టి చూశాడు. గోరు కూడా పట్టలేదు.

"ఎంత ఎదిగాను?" అంది అమల, కళ్ళు పెద్దవి చేసి.

అది అన్న ముఖం చూసి నవ్వింది, గీతని తనే వేలితో తడిమి చూసుకుంది, "నాన్నా, సరిగ్గా సరిపోయాను!" అని అరుస్తూ వాకిట్లోకి పరిగెత్తింది. ఎండిన దుమ్ములో దాని పాదాలు పొడిపొడిగా అచ్చులేసుకుంటూ వెళ్ళాయి. బల్ల దగ్గర సుత్తి చప్పుడు ఠక్కున ఆగింది.

మరియదాసు అక్కడే నిలబడి కిందికి చూశాడు. అమల నిలబడిన చోట గచ్చు మీద ఒక జత తడి పాదాలున్నాయి. ఉప్పు వాసన. వేళ్ళ గుర్తులు అతను షెడ్డులో చూసినవే. ఈసారి మడమలు కూడా ఉన్నాయి.